చీకటి గదిలో నడిస్తే చూపులేనివాళ్ల బతుకు అర్థమవుతుందా?

బరంపురం టీచరమ్మ:
మా స్కూల్ వార్షికోత్సవానికి ఒక చీకటి గది ఏర్పాటు చేసి, పిల్లల్ని అందులో నడిపిద్దామని ఉంది. హైదరాబాద్ ఇనార్బిట్ మాల్‌లో ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ లోపలికి వెళ్లొచ్చాక పుట్టిన ఆలోచన ఇది. 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకె మొదలుపెట్టిన ప్రదర్శన అది.

ఫోన్లు, వాచీలు బయట పెట్టించి చేతికి కర్ర ఇచ్చారు. కాసేపటికి కళ్లు అలవాటు పడతాయిలే అనుకున్నాను, పడలేదు. పిసరంత వెలుగు కూడా లేనిచోట కళ్లు ఏం చేస్తాయి? గుండె దడదడలాడింది, గోడ వదలబుద్ధి కాలేదు. పాదాల కింద గులకరాళ్లు పోయి చెక్క తగిలింది, ఎక్కడో నీళ్ల చప్పుడు వినబడింది. మమ్మల్ని నడిపించిన అబ్బాయికి చూపు లేదు. నాలుగు మాటలు వినగానే మా గొంతులు గుర్తుపెట్టుకుని, వెనకబడినవాళ్లను పేరు పెట్టి పిలిచాడు. చివర్లో ఆ చీకట్లోనే కూల్‌డ్రింక్ తాగుతూ కబుర్లు చెప్పుకున్నాం. సీసా పట్టుకోవడానికే నేను తడబడుతుంటే, అతను చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. పిల్లలకు ఇది తెలియాలని నా కోరిక. మీరేమంటారు?

పర్లాకిమిడి మాస్టారు:
వద్దమ్మా. మీ అనుభవాన్ని కాదనను. కానీ పిల్లల కళ్లకు గంతలు కడితే వాళ్లకు మిగిలేది భయమే. అమెరికాలో ఏరియల్ సిల్వర్‌మన్, ఆమె తోటి పరిశోధకులు 2015లో దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. కళ్లు మూసుకుని పనులు చేసి చూసినవాళ్లు, చూపులేనివాళ్లు సొంతంగా బతకలేరని, ఉద్యోగాలు చేయడం కష్టమని మిగతావారికన్నా ఎక్కువగా అనుకున్నారట. సిల్వర్‌మన్‌కూ చూపు లేదు. ఇవాళ ‘అయ్యో పాపం’ అంటూ బయటికొచ్చిన పిల్లవాడు రేపు మేనేజరైతే, అదే జాలితో ఉద్యోగం ఇవ్వడు. నాకు భయం అక్కడే.

గునుపురం కుర్రాడు:
నేనూ వెళ్లాను. టెన్షన్ ఎక్కువై మధ్యలోనే బయటికి తీసుకెళ్లమన్నాను, వెంటనే తీసుకెళ్లారు. చిన్నపిల్లల్ని బలవంతంగా మాత్రం పంపొద్దు మేడమ్.

రాయగడ బ్యాంకు ఉద్యోగి:
నాకు పుట్టుకతోనే చూపు లేదు. టీచరు గారూ, ఆ గదిలో మీకు తెలిసింది చూపు పోయిన మొదటి గంట. నేను ఏ రోజూ ఆ గంటలో బతకలేదు. పైగా చూపులేనివాళ్లలో చాలామందికి వెలుతురు, నీడ తెలుస్తాయి.

నా ఇబ్బందులు వేరు. 200 నోటు పొడవు 146 మిల్లీమీటర్లు, 500 నోటు 150. నాలుగు మిల్లీమీటర్లే తేడా! నోటు నలిగితే దాని విలువ తెలిపే ఉబ్బెత్తు గీతలు వేలికి అందవు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నోటు విలువ చెబుతుంది గానీ, కిక్కిరిసిన బస్సులో కండక్టర్ ఎదురుగా నిలబడితే ఫోన్ తీసే వీలెక్కడ? ఇవి చీకటి గదిలో తెలిసేవి కావు, మమ్మల్ని అడిగితే తెలుస్తాయి.

ఇంకో సంగతి. 1951 నుంచి మన భాషలన్నిటికీ భారతి బ్రెయిలీ అనే ఒకే చుక్కల లిపి ఉంది. తెలుగు ‘క’కైనా ఒడియా ‘క’కైనా అవే రెండు చుక్కలు. ఒడిశాలోని మన ఊళ్లలో ఎంతోమంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, తెలుగు బోర్డు మాత్రం చదవలేరు. నేనూ ఒడియా బడిలోనే చదివాను, కానీ తెలుగు బ్రెయిలీ పుస్తకం చేతికొస్తే కొత్త లిపి నేర్చుకోకుండానే చదివేశాను. మీ పిల్లలకు ముందు ఇది చెప్పండి.

బరంపురం టీచరమ్మ:
బ్రెయిలీ సంగతి నాకిప్పుడే తెలిసింది, తప్పకుండా చెబుతాను. మాస్టారూ, గంతలు కట్టుకుని ఒంటరిగా తడబడటం వేరు, అందులో ఆరితేరిన మనిషి గొంతు వింటూ నడవడం వేరు. నాతో ఇంటికొచ్చింది జాలి కాదు. అక్కడ దారి తెలిసింది అతనికే, సాయం కావలసింది నాకు. నడిపించే మనిషి లేకుండా గది పెట్టను. రాయగడ అన్నయ్యగారూ, మీరు వస్తారా? రానూపోనూ ఖర్చులు, పారితోషికం స్కూలే ఇస్తుంది.

రాయగడ బ్యాంకు ఉద్యోగి:
వస్తానమ్మా. ముందు వెలుతురులోనే ఒక క్లాసు పెట్టండి. నోట్లు, పుస్తకం, కర్ర పట్టే తీరు, అన్నీ చూపిస్తాను. ఆ తర్వాత ఇష్టమైనవాళ్లే చీకట్లోకి వస్తారు.

పర్లాకిమిడి మాస్టారు:
ఆ క్లాసు ఉంటే ఇక గది దేనికని ఇప్పటికీ అంటాను. తేదీ చెప్పండి, క్లాసుకు నేనూ వస్తాను.