గేర్‌బాక్సు కోడ్ వస్తే చెరిపేసి చూడవచ్చా?

కొత్త చక్రం: నిన్న మిట్ట ఎక్కుతుండగా నా ఆటోమేటిక్ కారు ఒక్క కుదుపు కుదిపి మూడో గేరులోనే ఉండిపోయింది. ఇంజిన్ లైటు వెలిగింది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే చిన్న స్కానర్ పెడితే పి0700 అని ఒక్కటే చూపింది. చెరిపేసి నాలుగు రోజులు నడపమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాత స్పానర్: చెరిపేయండి, ఏమీ కాదు. బ్యాటరీ నీరసించినా ఇలాంటి కోడ్‌లు వస్తాయి. నా బండికి ఒకేసారి మూడు వచ్చాయి. బ్యాటరీ మార్చి చెరిపేశాను, అంతటితో సరి. నిజంగా జబ్బుంటే కోడ్ అదే తిరిగి వస్తుంది.

ఆయిల్ మరక: స్పానర్ గారూ, మీరు బ్యాటరీ మార్చి చెరిపారు. ఇక్కడ ఏదీ మార్చకుండానే చెరపమంటున్నారు! పి0700 జబ్బు పేరు కాదు. "నా దగ్గర ఒక కోడ్ ఉంది, లైటు వెలిగించు" అని గేర్‌బాక్సు కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌కు పంపే కబురు, అంతే. అసలు కోడ్ గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఉంటుంది. చవక స్కానర్లు చాలావరకు అక్కడిదాకా వెళ్లవు. పైగా లోపం నమోదైన క్షణంలో బండి వేగం, ఇంజిన్ వేడి ఎంతో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. చెరిపితే అదీ పోతుంది.

కొత్త చక్రం: వేరే స్కానర్‌తో చదివించాను. పి0730, గేరు నిష్పత్తి తప్పిందట. అంటే గేర్‌బాక్సు విప్పాల్సిందేనా?

ఆయిల్ మరక: తొందరపడకండి. కంప్యూటర్ గేరు పళ్లను చూడదు. లోపలికి వచ్చే షాఫ్టు, బయటికి పోయే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతున్నాయో సెన్సర్లు చెబితే లెక్క కడుతుంది. నిష్పత్తి 1.5 అనుకోండి. లోపల 3000 చుట్లకు బయట 2000 రావాలి. 1700 వస్తే ఎక్కడో జారుతోందన్నమాట. క్లచ్ అరిగినా, ఆయిల్ తగ్గి ఒత్తిడి పడిపోయినా, సెన్సర్ తప్పు చెప్పినా కోడ్ ఇదే. కాబట్టి ముందు ఆయిల్ మట్టం, రంగు, వాసన చూడండి.

పాత స్పానర్: ఆయిల్ మాట ఒప్పుకుంటాను. కానీ వివరాలన్నీ రాసుకున్నాక చెరిపితే తప్పేమిటి? చల్లగా ఉన్నప్పుడు తిరిగి వస్తుందా, వేడెక్కాకే వస్తుందా అన్నదీ ఒక ఆనవాలే. అది చూడకుండా విప్పేవాళ్లను ఎంతమందిని చూశానో!

ఆయిల్ మరక: రాసుకున్నాక సరే. జారుతున్న బండికి మాత్రం వద్దు. కంప్యూటర్ బండిని మూడో గేరులో కట్టేసింది గేర్‌బాక్సును కాపాడటానికే. కోడ్ చెరిపి ఆ కట్టు విప్పి నడిపితే క్లచ్ పలకలు మాడతాయి.

కొత్త చక్రం: ఆయిల్ గుర్తుకు బాగా కింద ఉంది. రంగు ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. రాత్రి బండి కింద అట్ట పరిస్తే పొద్దునకు గేర్‌బాక్సు ఆయిల్ కారకుండా ఆపే సీలు కింద మూడు ఎర్ర చుక్కలు. సీలు మార్పించి, ఆయిల్ పోయించాకే చెరుపుతాను.

పాత స్పానర్: పనిలో పనిగా బ్యాటరీ కూడా చూపించండి.