స్క్రీన్ ప్రింట్ వేసిన పెన్నును ‘మకి-ఎ’ అని అమ్మొచ్చా?

సిరాబుడ్డి:
నాన్నగారి రిటైర్మెంటుకి ఇద్దామని ఆన్‌లైన్లో ఒక జపాన్ ఇంకు పెన్ను కొన్నాను. పద్దెనిమిది వేలు. నల్లటి ఒంటి మీద బంగారు కొంగలు, డబ్బా మీద ‘మకి-ఎ’ అన్న ముద్ర. ఇంటికొచ్చాక కంసాలి భూతద్దం పెట్టి చూద్దును కదా, రెక్కల గీతలన్నీ మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం. అంచులు సన్నటి మెట్లలా ఉన్నాయి. మన ఊళ్లో శుభలేఖలు కొట్టే స్క్రీన్ ప్రింటే! అమ్మినాయన్ని అడిగితే “మకి-ఎలో అదీ ఒక రకమే సార్” అన్నాడు. నేను మోసపోయినట్టా, కాదా?

పాళీపిచ్చి:
మోసపోయినట్టేనండీ. మకి అంటే చల్లడం, ఎ అంటే బొమ్మ. ఉరుషి అనే చెట్టు పాలతో కుంచె పట్టి బొమ్మ గీస్తారు. తడి ఆరకముందే దాని మీద బంగారు పొడి చల్లాలి. చిన్న గొట్టం, మూతికి సన్నటి గుడ్డ, వేలితో తడుతుంటే పొడి రాలుతుంది. మన ముగ్గు వేళ్ల సందుల్లోంచి రాలినట్టే, కాకపోతే ఇక్కడ ముగ్గు వెడల్పు వెంట్రుకంత. ఉరుషి ఎండకి ఆరే రకం కాదు, తేమ పట్టిన చెక్క బీరువాలో పెడితేనే గట్టిపడుతుంది. తొగిదషి అనే పద్ధతిలోనైతే బొమ్మ మొత్తం మళ్లీ ఉరుషితో కప్పేసి, బొగ్గుతో అరగదీస్తూ పోతారు. కప్పిన బొమ్మ కాస్త కాస్తగా పైకి తేలుతుంది. ఒక్క క్షణం ఎక్కువ రుద్దారా, బంగారం పోయింది! ఇదంతా నెలల పని. అలాంటి పెన్నులు లక్షల్లో ఉంటాయి.

గోదారిగట్టు:
చల్లడమే మకి అని మీరే అన్నారుగా. స్క్రీన్ పద్ధతిలోనూ చాలాసార్లు జిగురు మాత్రమే తెరలోంచి దించి, పొడి పైన చల్లుతారు. మరి పేరెందుకు చెల్లదు? అసలు పెన్నుకి ఉరుషి పూసింది కళ కోసం కాదు. ఎబొనైట్ (పెన్నులు చేసే గట్టి రబ్బరు) ఎండకి వెలిసిపోతుంది. 1925లో నమికి కంపెనీ (ఇప్పటి పైలట్) దానికి విరుగుడుగా ఉరుషి పూత పట్టించింది. 1930లో లండన్ కంపెనీ డన్‌హిల్‌తో ఒప్పందం చేసుకుని విదేశాల్లో అమ్మింది. మొదటి నుంచీ వ్యాపారమే. మా ఇంట్లో తాతగారి రాజమండ్రి ఎబొనైట్ పెన్ను ఉంది, క్యాప్ కింద దాగిన చోట నల్లగా, మిగతా అంతా బురద రంగు. దానికీ ఎవరైనా ఉరుషి పూసి ఉంటే బాగుండేది.

పాళీపిచ్చి:
వ్యాపారమే, కాదనను. కానీ ఆ వ్యాపారి పనిలో పెట్టుకున్నది ఎవర్ని? మత్సుద గొన్‌రొకుని. 1955లో ఆయన్ని జపాన్ ప్రభుత్వం సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. 1931లో ఆ కంపెనీ పనివాళ్లంతా కొక్కొకై అని ఒక బృందమయ్యారు. చేసినాయన పేరు పెన్ను మీదే రాసుంటుంది. సిరాబుడ్డిగారి కొంగల కింద ఎవరి పేరుందో అడగండి.

సిరాబుడ్డి:
ఎవరి పేరూ లేదండీ. మధ్యలో ఒక సందేహం: ఏటికొప్పాక బొమ్మల లక్కా, ఈ ఉరుషీ ఒకటేనా?

పాళీపిచ్చి:
కాదు. లక్క పురుగు పెట్టేది, తరిణి మీద తిరుగుతున్న కర్రకి వేడితో పట్టిస్తారు. ఉరుషి జీడి కుటుంబపు చెట్టు. చాకలివాళ్లు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి తగిలితే ఒళ్లు పొక్కుతుంది చూడండి, పచ్చి ఉరుషి తగిలినా అంతే. జపాన్లో ఉరుషికి బదులు వాడే ఒక చవక రంగుని జీడిగింజ పెంకు నూనెతోనే చేస్తారు. పలాసవాళ్లు మీసం మెలేయొచ్చు!

పెడనపిల్ల:
మాది పెడన, ఇంట్లో కలంకారీ పని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మేం చెక్క అచ్చుతో అద్దుతాం. రెండూ కలంకారీయే, మాకూ వాళ్లకీ పేచీ లేదు. రసాయన రంగులతో స్క్రీన్ కొట్టి అదే పేరుతో అమ్మే చీరతోనే మా ఏడుపు. అలాంటిది ఎవరైనా తెస్తే మా నాన్న ఏమీ అనరు. ఒకసారి వెనక్కి తిప్పి చూసి మడతేసి ఇచ్చేస్తారు. స్క్రీన్ పెన్ను చేయొద్దని నేననను. పద్దెనిమిది వేలకి చేత్తో గీసింది ఎలాగూ రాదు. కానీ పేరు ముందు ఇంకో మాట ఉండాలి. అక్కడి కొన్ని కంపెనీలు ‘కిందై మకి-ఎ’, అంటే ఆధునిక మకి-ఎ, అని విడిగానే రాస్తాయి.

గోదారిగట్టు:
అలా రాస్తే నాకూ అభ్యంతరం లేదు. సిరాబుడ్డిగారూ, డబ్బా అన్ని వైపులా చూశారా?

సిరాబుడ్డి:
ఇప్పుడే చూశాను. అడుగున జపాన్ అక్షరాలున్నాయి, ఫోన్ కెమెరా పెడితే ‘ఆధునిక మకి-ఎ’ అనే వచ్చింది! ఇంగ్లీషు ఉన్న వైపు మాత్రం ఆ ‘ఆధునిక’ ఎగిరిపోయింది, అమ్మకం పేజీలోనూ లేదు. ఈ సంగతి ఆయనకి రాస్తున్నాను, పేజీ మార్చమని. పెన్ను వెనక్కి పంపే దారి లేదు. నాన్నగారు నేను దాచిన చోటు కనిపెట్టి, సిరా పోసి, ఈ నెల పాల లెక్క రాసేశారు.