బ్లీచింగ్ పౌడర్ ఒక్కటి అన్ని తెల్లబట్టలకీ పనికొస్తుందా?

సింగ్‌నగర్_కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తగారి బీరువా సర్దుతుంటే పసుపు తిరిగిన తెల్లబట్టలు ఒక పెద్ద మూటంత బయటపడ్డాయి. మామయ్యగారి నూలు పంచెలు, ఒక పట్టు పంచె, తెల్ల ఉన్ని శాలువా, జరీ అంచున్న మంగళగిరి చీర, ఇవి కాక మా బాబు స్కూల్ చొక్కాలు (టెరికాటన్). 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ సగం బస్తా ఇంకా మెట్ల కింద ఉంది. దాన్నే నీళ్లలో కలిపి అన్నీ ఒకేసారి నానబెట్టేయమని పక్కింటావిడ అంటున్నారు. నాకేమో పట్టు పంచె గురించే టెన్షన్. అదే పౌడర్ మేడ మీద ట్యాంకులో వేయొచ్చా? ఇంకో డౌట్ కూడా, కాగితానికీ బెల్లానికీ కూడా బ్లీచింగ్ ఉంటుందంటారు కదా, అన్నిటికీ ఇదే మందా?

మంగళగిరి_నూలు:
అమ్మా, ముందు పట్టు పంచె, శాలువా ఆ మూటలోంచి తీసి పక్కన పెట్టండి. మిగతావి తర్వాత చూద్దాం. పట్టు, ఉన్ని ప్రొటీన్ పోగులు, క్లోరిన్ వాటి రంగు తీసి ఊరుకోదు, పోగునే తినేస్తుంది. బట్టలో ఉన్ని ఎంత శాతం కలిసిందో తేల్చడానికి ల్యాబుల్లో దాన్ని హైపోక్లోరైట్‌లో (బ్లీచింగ్ పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ మందు ఇదే) వేస్తారు, ఉన్ని అంతా కరిగిపోతుంది, మిగిలినదాన్ని తూకం వేస్తారు. మీ బకెట్లోనూ జరిగేది అదే. ఏది పట్టో ఏది కాదో అనుమానం ఉంటే లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి, జుట్టు కాలిన వాసన వస్తే పట్టో ఉన్నో, కాగితం కాలిన వాసన వస్తే నూలు. ఆ రెండిటికీ హైడ్రోజన్ పెరాక్సైడే మంచిది, అది కూడా పల్చగా. ఖరీదైన పంచె అయితే మంచి డ్రై క్లీనర్‌కి ఇవ్వడమే మేలు.

నూలు పంచెలకు ఇబ్బంది లేదు. మేము నూలుని కాస్టిక్ సోడాతో ఉడికించి, ఆ తర్వాత పెరాక్సైడ్‌తో 90 డిగ్రీల పైన వేడిలో తెల్లబరుస్తాం, పెరాక్సైడ్ మరీ త్వరగా విరిగిపోకుండా సోడియం సిలికేట్ కలుపుతాం. హైపోక్లోరైట్ పద్ధతిలో అయితే చల్లటి నీళ్లలోనే చేయాలి, నీళ్లు క్షారంగా ఉండాలి. క్షారం తగ్గి నీళ్లు మామూలు మంచినీళ్ల స్థితికి వస్తే నూలుకి అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ అప్పుడే తగులుతుంది, చూడటానికి తెల్లగా ఉంటుంది, నాలుగు ఉతుకులకి చిరుగుతుంది. బ్లీచ్ అయ్యాక బట్టలో మిగిలిన క్లోరిన్‌ని యాంటీక్లోర్‌తో (సోడియం థయోసల్ఫేట్ లాంటిది) తీసేయాలి, ఇళ్లల్లో ఎవరూ చేయని పని ఇదే. కనీసం నీళ్లు మార్చి మార్చి బాగా జాడించండి. మీ మంగళగిరి చీర నూలుదే అయినా జరీ ఉంది కాబట్టి దానికి క్లోరిన్ తగలనీయకండి, జరీ నల్లబడుతుంది. టెరికాటన్ చొక్కాలకీ వద్దు, ముడత పడకుండా ఫినిష్ వేసిన బట్టలు కొన్ని క్లోరిన్‌ని పట్టి ఉంచుకుని ఇస్త్రీ వేడికి ఇంకా పచ్చబడతాయి. సాగే దారం, అంటే స్పాండెక్స్ ఉన్నవాటికి అసలే వద్దు.

గుంటూరు_రసాయనం:
పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి రెండో ప్రశ్న నాకు వదిలేయండి. బ్లీచింగ్ అంటే ఒక మందు కాదు, ఒక పని. బట్టలో రంగుగా కనిపించే పదార్థం అణువుని కొంచెం మార్చేస్తే అది వెలుగుని వేరేగా పీలుస్తుంది, రంగు కనబడదు. ఆక్సిజన్ ఇచ్చి మార్చేవి ఒక రకం, క్లోరిన్, పెరాక్సైడ్, ఓజోన్ అన్నీ ఈ వర్గమే. ఆక్సిజన్ లాక్కుని మార్చేవి రెండో రకం, గంధకం పొగ (సల్ఫర్ డయాక్సైడ్), హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ అనే పొడి). రెండో రకంతో తెల్లబడినది కొన్నాళ్లు గాలికి ఉంటే మళ్లీ రంగు తిరుగుతుంది, గంధకం పొగ పెట్టిన ఉన్ని మళ్లీ పచ్చబడేది అందుకే.

బెల్లం సంగతి అడిగారు కదా. పాకంలో హైడ్రోస్ వేసి రంగు తేలిక చేస్తారు, ఈ హైడ్రోసే అద్దకం పనిలోనూ వాడతారు. తెల్లటి, పచ్చటి బెల్లం చూసి మంచిదనుకోవడం మన జనానికి అలవాటైపోయింది, నాకు చాలా బాధగా ఉంటుంది, బెల్లం సహజంగా ముదురు రంగులోనే ఉంటుంది. పంచదార మిల్లుల్లో మన దేశంలో ఎక్కువగా వాడేది గంధకం పొగే. వంటనూనెలో రంగు పోయేది ముఖ్యంగా రసాయన మార్పుతో కాదు, ఒక రకం మట్టితో కలిపి వడకడితే రంగు ఆ మట్టికి పట్టుకుని పోతుంది, దాన్నీ బ్లీచింగ్ అనే అంటారు.

1774లో షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త క్లోరిన్ కనుక్కున్నాడు, 1785 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో బెర్తొలే దాంతో బట్ట తెల్లబరచడం మొదలుపెట్టాడు, 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ ఆ క్లోరిన్ వాయువుని పొడి సున్నానికి పట్టించి పౌడర్‌గా పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు యూరప్‌లో నార బట్టని బూడిద నీళ్లలో ఉడికించి, పులిసిన మజ్జిగలో నానబెట్టి, పచ్చిక మీద నెలల తరబడి ఎండకి పరిచేవారు. మన చాకిరేవుల్లో చౌడు మట్టి పట్టించి ఉడకేసి ఎండలో ఆరేసే చలువ కూడా ఆ దారిదే. ఎండ ఎంత పని చేస్తుందో మనకి తెలిసిందే, పసుపు మరక సబ్బు తగిలి ఎర్రబడినా, తడిగా ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

గవర్నర్‌పేట_ప్రెస్:
కాగితం గురించి ఒక్క మాట. చెక్క గుజ్జులో లిగ్నిన్ (చెక్క పోగుల్ని అతికి ఉంచే పదార్థం) ఉంటుంది, అదే కాగితాన్ని పచ్చబరిచేది. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ చాలావరకు తీయరు కాబట్టి పాత పేపర్ కట్టలు అంత త్వరగా గోధుమ రంగుకి తిరుగుతాయి. మంచి తెల్ల కాగితానికి ఒకప్పుడు క్లోరిన్ వాయువు వాడేవారు, మిల్లు నీళ్లలో డయాక్సిన్లు అనే విష పదార్థాలు కలుస్తున్నాయని 1980ల్లో బయటపడ్డాక చాలా దేశాల్లో క్లోరిన్ డయాక్సైడ్‌కి, ఆక్సిజన్, ఓజోన్‌లకి మారారు. మరీ మెరిసిపోయే తెల్ల కాగితంలో బ్లీచ్‌తో పాటు టినోపాల్ లాంటి వెలుగు పుట్టించే మందు కూడా ఉంటుంది, బ్లాక్‌లైట్ (అల్ట్రావయొలెట్ దీపం) కింద నీలంగా మెరుస్తుంది.

ఇంటి_పెద్దక్క:
అమ్మాయ్, ఎవరూ అనలేదు కానీ అన్నిటికన్నా ముఖ్యం ఇది. బ్లీచింగ్ పౌడర్ వేసిన బకెట్లో బాత్రూమ్ యాసిడ్ గానీ, నిమ్మరసం గానీ, వెనిగర్ గానీ కలపకు. క్లోరిన్ వాయువు బయటికొస్తుంది, తలుపు వేసిన బాత్రూమ్‌లో ఊపిరాడదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. బాబుని ఆ పరిసరాల్లోకి రానివ్వకు, చేతులకి గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరిచి పెట్టుకో.

సింగ్‌నగర్_కోడలు:
అందరికీ చాలా థాంక్స్ అండి. పట్టు, శాలువా, చీర పక్కన పెట్టేశాను. ట్యాంకు సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఒక పంచె మీద గోధుమ రంగు చుక్కలు కూడా ఉన్నాయి, మాది బోరు నీళ్లు.

గుంటూరు_రసాయనం:
ఆ బస్తా మీద నమ్మకం పెట్టుకోకండమ్మా. తాజా పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది, తేమకీ ఎండకీ వేడికీ అది పోతూ ఉంటుంది, బెజవాడ ఎండల్లో నోరు తెరిచిన బస్తాలో మిగిలేది ఎక్కువ సున్నమే. కొత్త ప్యాకెట్ కొనండి. 1000 లీటర్లకి సుమారు 2.5 గ్రాములు చాలు. కొంచెం నీళ్లలో ముద్దగా కలిపి, ఇంకొంచెం నీళ్లు పోసి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి, గంట ఆగి వాడండి. గంట తర్వాత కూడా లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, చూడటానికి చవకలో కిట్లు దొరుకుతాయి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పటిక వేసి తేర్చండి, మట్టి ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది.

మంగళగిరి_నూలు:
బోరు నీళ్లంటున్నారు కాబట్టి ఆ చుక్కలు ఇనుము మరకలే అనుకుంటాను. వాటికి బ్లీచ్ వేయొద్దు, క్లోరిన్ తగిలితే ముదురుతాయి. పెరాక్సైడ్ వేస్తే ఇనుము ఉన్న చోట బట్ట కొట్టుకుపోయి సన్న చిల్లులు పడతాయి, మేము అందుకే బ్లీచ్‌కి ముందు తుప్పు చుక్కలు వెతుకుతాం. ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో ఆ భాగం మాత్రం నానబెట్టి మరక తీయండి, రెండు మూడు నీళ్లలో బాగా జాడించి ఆరేయండి. పెద్దక్క గారు చెప్పిన మాట ఇక్కడే ముఖ్యం, ఆ పులుపు పూర్తిగా పోయాకే, వేరే రోజు, వేరే బకెట్లో, ఆ పంచెని బ్లీచ్‌లో పెట్టండి.