పల్లె చర్చిని సంగీతోత్సవాలకు ఇల్లుగా మార్చడానికి చందా అడుగుతున్నారు. ఇవ్వాలా, వద్దా?

సఫోక్ పల్లె వాసి:

అందరికీ నమస్కారం. మేముండేది ఇంగ్లండ్ తూర్పు వైపున్న సఫోక్‌లో, ఒక చిన్న పల్లెలో. ఊళ్ళో కొన్ని వందల ఏళ్ళ నాటి రాతి చర్చి ఉంది. ఆదివారం ఆరాధనకు పది పన్నెండు మంది వస్తారు, దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఏటా వేసవిలో మాత్రం అక్కడ వారం రోజులు కచేరీలు జరుగుతాయి. ఆ వారం కూర్చోడానికి చోటు దొరకదు.

ఇప్పుడు సంఘ కమిటీ చర్చినే ఆ ఉత్సవానికి శాశ్వత వేదికగా తీర్చిదిద్దుదామంటోంది. మరుగుదొడ్లు, కొత్త హీటింగ్, ఎగుడుదిగుడు లేని నేల, బెంచీల బదులు కుర్చీలు, విప్పి దాచుకునే స్టేజీ, లైట్లు. దీనికోసం ఇంటింటికీ తిరిగి చందా అడుగుతున్నారు. మా ఇంటికీ వచ్చారు.

మా అమ్మాయి అక్కడి పిల్లల క్వయర్‌లో పాడుతుంది కాబట్టి నాకు ఇవ్వాలనే ఉంది. మా ఆవిడ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి. "గుడిని హాలు చేయడానికి నా చేత్తో పైసా ఇవ్వను" అంది. వారం రోజులుగా ఇంట్లో ఇదే మాట నడుస్తోంది.

నేను ఇద్దామనడానికి ఈ ప్రాంతపు చరిత్రే కారణం. సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ మరో ఇద్దరితో కలిసి 1948లో ఇక్కడి ఆల్డ్‌బరా అనే ఊళ్ళో సంగీతోత్సవం మొదలుపెట్టినప్పుడు వాళ్ళకు పెద్ద హాలే లేదు. ఆ ఊళ్ళో ఉన్న చిన్న జూబిలీ హాలు, ఊరి చర్చి, వాటితోనే నెట్టుకొచ్చారు. తర్వాత చుట్టుపక్కల పల్లెల చర్చిలూ తోడయ్యాయి. నోవహు జలప్రళయం మీద బ్రిటెన్ రాసిన ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, 1958 జూన్ 18న ఆర్ఫర్డ్ చర్చిలో మొదటిసారి ప్రదర్శించారు. వేషాలు వేసింది ఎక్కువగా స్థానిక పిల్లలే. తాడుకు కప్పులు వేలాడదీసి కొడుతుంటే వాన చినుకుల శబ్దం వచ్చేది. మధ్యలో వచ్చే కీర్తనలు ప్రేక్షకులు కూడా లేచి పాడాలి. అది నాటకశాల కోసం రాసింది కాదు, చర్చి లాంటి చోటు కోసమే రాసింది. 1967లో స్నేప్ దగ్గర పాత మాల్టు గోదాములను మార్చి పెద్ద కచేరీ హాలు కట్టారు. రెండేళ్ళకే, 1969 ఉత్సవం మొదలైన రాత్రే అది కాలిపోయింది. అప్పుడు అక్కడ జరగాల్సిన మోజార్ట్ ఆపెరాను బ్లైబరా అనే పల్లె చర్చికి తరలించారు. పెద్ద హాలు పోయిన రోజున ఉత్సవాన్ని ఆదుకున్నది పల్లె చర్చే. ఇది తలచుకుంటే నాకు చందా ఇవ్వకుండా ఉండబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

డోర్నకల్ మనిషి:

వందనాలు తమ్ముడూ. నేను చెల్లెమ్మ పక్షం.

మా డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు కట్టించిన కేథడ్రల్ ఉంది. 1939లో ప్రతిష్ఠ జరిగింది. ఆయన సంగీతాన్ని ఎంతో ఆదరించారు. తెలుగు కీర్తనలు, మన తాళాలు, మన రాగాలు ఆరాధనలోకి రావాలని కోరుకున్నారు. కాబట్టి నన్ను సంగీతానికి శత్రువు అనుకోవద్దు. పాట ఆరాధనలోకి రావాలి, నేనూ అదే అంటాను. ఆరాధనే పాట కోసం పక్కకు జరగాలంటే మాత్రం ఒప్పుకోలేను.

చర్చిల్లో కచేరీల గురించి 1987లో రోమ్ నుంచి ఒక లేఖ వచ్చింది. ప్రవేశం ఉచితంగా, అందరికీ తెరిచి ఉండాలని, చర్చి స్వభావానికి తగిన సంగీతమే ఉండాలని, గాయకులు బలిపీఠం ఉన్న చోట నిలబడకూడదని అందులో ఉంది. నేను కేథలిక్‌ను కాను, మీ ఊరి చర్చీ కాదు. అయినా ఆ నియమం నాకు న్యాయంగా అనిపిస్తుంది. మీ ఉత్సవానికి టికెట్ ఉందా? ఉంటే ఆ వారం మీ ఊరి పేద ముసలమ్మ తన సొంత గుడిలోకి డబ్బు కట్టి వెళ్ళాలి కదా!

ఇంకొక బాధ కూడా చెబుతాను. మా చిన్నప్పటి పల్లెలో గుడి మీద రేకులు. వాన పడితే ప్రభువు బల్ల తీసుకునేటప్పుడు కూడా పళ్ళేలు పెట్టి నీళ్ళు పట్టేవాళ్ళం. మన దగ్గర ఇలాంటి గుళ్ళు ఎన్నో ఉండగా ఇంగ్లండ్ వాళ్ళ కుర్చీలకు మనం చందా ఇవ్వాలా?

మెదక్ నుంచి:

అన్నా, ఒక్క మాట. మా మెదక్ చర్చిని కరువు రోజుల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు చందాలు పోగుచేసి కట్టించారు. జనానికి పని, తిండి దొరికాయి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. మన గుడికి వాళ్ళ డబ్బు తీసుకున్నప్పుడు లేని దూరం, వాళ్ళ గుడికి ఇచ్చేటప్పుడు ఎందుకు?

వీణ టీచర్, ఒహాయో:

బాబూ, క్లీవ్‌లాండ్‌లో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన గురించి వినే ఉంటావు. అమెరికాలో మన కర్ణాటక సంగీతానికి అంత పెద్ద ఉత్సవం లేదు. అది 1978లో ఎక్కడ మొదలైందో తెలుసా? ఒక చర్చి బేస్‌మెంట్‌లో. త్యాగయ్య తెలుగు కీర్తనలు, రాముడి మీద కీర్తనలు, అమెరికాలో మొదట నీడ వెతుక్కుంది క్రైస్తవుల గుడి కిందే. తర్వాత అది యూనివర్సిటీ ప్రాంగణానికి మారి అంత పెద్దదైంది. ఆ రోజు తలుపు తీసినవాళ్ళు "మా చోటు పవిత్రత ఏమవుతుంది" అనుకుని ఉంటే? అందుకే నా మనసు నీ వైపు.

కానీ డోర్నకల్ అన్నగారి టికెట్ ప్రశ్నను నువ్వు దాటేయకూడదు. తిరువయ్యూరులో బెంగళూరు నాగరత్నమ్మ గారు తన సంపాదన పెట్టి త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించారు. ఆడవాళ్ళను ఆరాధనలో పాడనివ్వని రోజులవి. ఆమె ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పాడించారు. ఇప్పుడు పంచరత్నాలు పాడేటప్పుడు పేరున్న విద్వాంసుడి పక్కన నిన్న నేర్చుకున్న పిల్ల కూడా కూర్చుంటుంది. అక్కడ టికెట్ లేదు. మీ కమిటీ ఊరివాళ్ళకు ఏం ఇస్తుందో అడుగు. మీ అమ్మాయి క్వయర్‌కు ఆ స్టేజీ మీద చోటుందా, లేక లండన్ వాళ్ళకేనా?

పాత కట్టడాల ఇంజనీర్, లీడ్స్:

నేను ఇక్కడ పాత భవనాల మరమ్మతుల పని చేస్తాను. భక్తి సంగతి మీరు తేల్చుకోండి, నేను పని సంగతి చెబుతాను.

ఇంగ్లండ్ చర్చిలో ఇలాంటి పెద్ద మార్పులు చేయాలంటే డయోసిస్ నుంచి, అంటే బిషప్ కింద ఉండే ప్రాంతీయ చర్చి పాలన నుంచి, ఫ్యాకల్టీ అనే అనుమతి కావాలి. బెంచీలు తీస్తామంటే పాత కట్టడాల రక్షణ కోసం పనిచేసే విక్టోరియన్ సొసైటీ లాంటి సంస్థల అభిప్రాయం అడుగుతారు. అది నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్ళు. మరుగుదొడ్డి అంటే చిన్న పనిలా వినిపిస్తుంది కదా? చర్చి చుట్టూ, కొన్నిచోట్ల నేల కింద కూడా సమాధులుంటాయి. డ్రైనేజీ పైపు కోసం కందకం తవ్వాలంటే పురావస్తు నిపుణుడు పక్కన నిలబడాలి. పైకప్పులో గబ్బిలాలుంటే వాటికి చట్టం రక్షణ ఉంది, వాటి కాలం చూసుకుని పని చేయాలి. అందుకే మొదట వేసిన అంచనా చివరికి నిలవడం నేను అరుదుగా చూశాను.

ఇక శబ్దం. రాతి గోడల మధ్య క్వయర్ పాడితే ప్రాణం లేచొస్తుంది, వేగంగా వాయించే పియానో మాత్రం అలుక్కుపోతుంది. చెక్క బెంచీలు, కార్పెట్లు తీసేస్తే గింగురుమనడం ఇంకా పెరుగుతుంది. ఖాళీ చర్చిలో చప్పట్లు కొట్టి చూసి "ఆహా" అనుకోవడం కాదు, జనంతో నిండినప్పుడు కొలవాలి. హీటింగ్ కూడా అంతే. కచేరీకి రెండు గంటల ముందు వేడి గాలి ఒక్కసారిగా కొడితే ఆర్గాన్ చెక్క ఎండుతుంది, వయొలిన్లు శ్రుతి తప్పుతాయి. సన్నగా, రోజూ ఉండే వెచ్చదనం మంచిది. అది ఆదివారం వచ్చే ముసలివాళ్ళకూ మంచిదే.

డబ్బు గురించి ఒకటి. మీరు ఇక్కడ పన్ను కడుతుంటే గిఫ్ట్ ఎయిడ్ కింద ఇవ్వండి, పౌండుకు 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి చర్చికి అదనంగా వస్తాయి. టికెట్ కొంటే ఇది రాదు.

డోర్నకల్ మనిషి:

మెదక్ తమ్ముడి మాటకు తల వంచుతున్నాను. దూరం సంగతి వదిలేస్తాను.

అయినా భయం ఒకటి మిగిలింది. ఎసెక్స్‌లో థాక్స్‌టెడ్ అని ఒక ఊరుంది. 1916లో సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ పెంతెకొస్తు పండుగకు తన విద్యార్థులను వెంటబెట్టుకుని అక్కడి చర్చిలో పాడించారు. సంగీతం ఆరాధనలోనే కలిసిపోయింది, అది నాకెంతో నచ్చుతుంది. కానీ కొన్నేళ్ళకే ఆ పండుగ థాక్స్‌టెడ్ విడిచి వెళ్ళిపోయింది. వాళ్ళు చర్చిని మార్చుకోలేదు కాబట్టి పండుగ వెళ్ళాక కూడా చర్చి చర్చిలాగే నిలిచింది. మీ ఊళ్ళో కుర్చీలు, స్టేజీ, లైట్లు పెట్టాక ఉత్సవం నడిపేవాళ్ళు అలిసిపోతే? ఆ పన్నెండు మంది ముసలివాళ్ళు కరెంటు బిల్లు కట్టగలరా?

సఫోక్ పల్లె వాసి:

అన్నగారూ, మీ ప్రశ్న చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నిన్న సాయంత్రం మా ఆవిడను తీసుకుని కమిటీ దగ్గరికి వెళ్ళాను.

టికెట్ గురించి అడిగాం. ఉంది. ఊరివాళ్ళకు తగ్గింపు కూడా లేదు. ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గేసింది. వికార్ గారు, అంటే మా చర్చి పాదిరి, మాత్రం శ్రద్ధగా విన్నారు. దేవుని మందిరానికి తగిన సంగీతమా కాదా చూడాల్సిన బాధ్యత చర్చి నియమాల ప్రకారం తనదేనని, ఉత్సవం వాళ్ళ జాబితా తను చూడకుండా ఖరారు కాదని చెప్పారు. ఉత్సవం ఆగిపోతే ఏమిటని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒకావిడ నిజాయితీగా "మేం దాని గురించి ఆలోచించలేదు" అంది.

అప్పుడు మా ఆవిడే మాట్లాడింది. మరుగుదొడ్డి, హీటింగ్, నేల, ఈ మూడూ ఆదివారం వచ్చేవాళ్ళకూ కావాలి. వాటికి ఇస్తాం. బెంచీలు తీయడానికి, స్టేజీకి, లైట్లకు ఇవ్వం. ఆ డబ్బు ఉత్సవం వాళ్ళే తెచ్చుకోవాలి. రసీదు మీద ఏ పనికో రాయాలి. ఉత్సవంలో ఒక సాయంత్రం టికెట్ లేకుండా ఊరి పిల్లలు పాడాలి. స్టేజీ, లైట్ల డబ్బు ఉత్సవం వాళ్ళే తెచ్చుకోవడం, రసీదు మీద పని రాయడం, ఈ రెండూ వాళ్ళు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం మాటను మాత్రం వచ్చే నెల సమావేశంలో పెడతామన్నారు. చెక్కు రాసి ఇంట్లో ఉంచాం, సమావేశం అయ్యాక ఇస్తాం.

ఇంజనీర్ గారూ, జనంతో నిండినప్పుడు శబ్దం ఎలా కొలుస్తారో, దానికి ఎవరిని పిలవాలో చెప్పగలరా? వాళ్ళకు ఆ ఆలోచన కూడా లేదు.

పాత కట్టడాల ఇంజనీర్, లీడ్స్:

చెబుతాను. ముందు చర్చి లోపలి పొడవు, వెడల్పు, పైకప్పు ఎత్తు కనుక్కుని పెట్టండి. కప్పు చెక్కదా, రాతిదా అనేది కూడా.