థార్ ఎడారికి ఏ మ్యాప్ మంచిది?

ప్రశ్న (గాజువాక): ఫ్రెండ్స్‌తో జైసల్మేర్ నుంచి ఖురీ వైపు బైకుల మీద వెళ్తున్నాం. సిగ్నల్ పోతే ఫోన్ మ్యాప్ పనిచేస్తుందా? అమ్మకి ఒకటే టెన్షన్.

జవాబు (ఎంవీపీ కాలనీ): జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు తమ్ముడూ, మ్యాపే ముందుగా ఫోన్లో ఉండాలి. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్‌లో రాజస్థాన్ మ్యాప్‌ని వైజాగ్‌లోనే డౌన్‌లోడ్ చేసుకో. ప్రభుత్వ మ్యాపుల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వేసే 1:50,000 స్కేలు మ్యాప్ షీట్లు కూడా ప్రింట్ తీయించు. వాటిలో 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. ఊళ్లు, గుళ్లు చూసి దారి పోల్చుకో. ఇసుక దిబ్బల్ని నమ్మకు, గాలికి కదులుతాయి, బాటల్ని కప్పేస్తాయి. మ్యాప్‌లో బావి ఉందని నీళ్లు తగ్గించొద్దు, నా మాట విను.

ఇంకొకరు (సీతమ్మధార): సరిహద్దు వైపు కొన్ని చోట్లకి పర్మిషన్ కావాలి, జైసల్మేర్‌లోనే అడగండి.

ప్రశ్నించినవారు: థాంక్స్ అన్నా! జగదాంబ దగ్గర ప్రింట్ తీయిస్తా.

జవాబు (ఎంవీపీ కాలనీ): ‘ఫిట్ టు పేజ్’ వద్దని షాపులో చెప్పు, స్కేలు మారిపోతుంది.