'ముంపు' ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: పసిఫిక్ సముద్రంలోని తువాలు అనే దీవుల దేశం మీద వ్యాసం తెనిగిస్తున్నాను. సముద్రం వల్ల వచ్చే నీటికంతటికీ 'ముంపు' అనే రాశాను. వేరే మాటలు వాడాలా? అలాగే వాతావరణ చర్చల్లో, ఉద్గారాలను ఎంత తగ్గించాలన్న పట్టుదలకు వాడే 'యాంబిషన్'కు పత్రికలు రాసే 'ప్రతిష్ఠాత్మకం' కుదురుతుందా?

జవాబు: తప్పకుండా వాడాలండి, లేకపోతే అర్థమే మారిపోతుంది. తుపాను గాలి తోసుకొచ్చే నీరు ఉప్పెన. 1977లో దివిసీమను తుడిచిపెట్టింది అదే. పున్నమికీ అమావాస్యకీ పెరిగేది పోటు. నేలలోంచి వచ్చేది ఊట. ముంపు అంటే ఇవన్నీ అయ్యాక మిగిలే స్థితి. నీళ్లు ఎటునుంచి వచ్చాయో ఆ మాట చెప్పదు.

రాజధాని ఫునాఫుటిలో ఏడాది మొదటి నెలల్లో పెద్ద పోటు వచ్చినప్పుడు రన్‌వే పక్క పచ్చికలోంచి నీళ్లు బుడబుడమంటూ పైకి లేస్తాయి. చూస్తుండగానే మడుగు కడుతుంది. దానికి అల గట్టు దాటి రానక్కర్లేదు. కింద ఉన్న పగడపు రాయి నిండా సందులే కాబట్టి బయట సముద్రం లేస్తే లోపలి నీరూ లేస్తుంది. దీన్ని 'సముద్రం ముంచెత్తింది' అని రాస్తే, గోడ కట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది చదివేవారికి. గోడ అలను ఆపుతుంది, ఊటను ఆపలేదు. అక్కడ లాగూన్ (దీవులు చుట్టుకుని ఉన్న ఉప్పునీటి మడుగు) అంచున ఇసుక పోసి 7 హెక్టార్లకు పైగా నేలను ఎత్తుగా లేపింది అందుకే.

ఇంకొకరు: పై మాటకు ఒకటి చేరుస్తాను. దీవి మునగడానికి చాలా ముందే ఉప్పెక్కుతుంది. వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి నేల కింద దాని మీద తేలుతూ నిలుస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్లు ఉంటుంది. పైన 10 సెంటీమీటర్లు తగ్గితే అడుగున 4 మీటర్లు పోయినట్టే. పులక అనే చేమ జాతి దుంపను ఈ నీరు తగిలేదాకా గొయ్యి తవ్వి అందులో పెంచుతారు. ఉప్పు చేరితే ముందు కుళ్లేది ఆ దుంపే. ఈ నీటిని ఇంగ్లీషులో 'లెన్స్' అంటారు, దానికి 'కటకం' అని రాయకండి, కళ్లద్దాలు గుర్తొస్తాయి. 'మంచినీటి పొర' చాలు.

మొదటి జవాబుదారు: 'ప్రతిష్ఠాత్మకం' వద్దండి, అది పరువుకు సంబంధించిన మాట. 'సంకల్పం' మేలు. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏం చేస్తున్నామన్నది వరసగా చెప్తాం కదా. ఇక్కడా అంతే. 2018లో మరో పసిఫిక్ దేశం మార్షల్ దీవులు ఇచ్చిన మాట చూడండి: 2010 నాటి ఉద్గారాల మీద 2030కి కనీసం 45 శాతం, 2035కి 58 శాతం కోత, 2050కి నికర సున్నా (వదిలినంతా తిరిగి పీల్చుకునేలా చేయడం). ఏడాది, కొలత, ఎప్పటితో పోలికో చెప్పనిది ఉత్త ఆశ. అయితే 'సంకల్పం పెంచండి' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. క్రియ కావలసిన చోట 'లక్ష్యం పెంచండి' అనే రాయండి.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: 'పోటుకు నేలలోంచి ఉప్పునీరు ఊరి రన్‌వే పక్కన నిలిచింది.'

జవాబు: 'ఊరి' కాదు, 'ఉబికి'. చెలమలో నీళ్లు నెమ్మదిగా ఊరతాయి. ఇది కిందనుంచి ఒత్తిడి తోస్తే వచ్చిన నీరు.