సెటిల్‌మెంట్ లెటర్‌లో ఇంకేం రాయించుకోవాలి?

పాత క్రెడిట్ కార్డు బాకీ కలెక్షన్ ఏజెన్సీ చేతికి వెళ్లింది. మూడు వాయిదాల్లో 55 శాతం కడితే ఖాతా మూసేస్తామని ఫోన్లో అంటున్నారు. నోటిమాట నమ్మి కట్టేది లేదు. ఖాతా నంబరు, మొత్తం, తేదీలు, ‘దీంతో పూర్తి పరిష్కారం, మిగతాది మాఫీ’ అన్న వాక్యం ఉన్న లెటర్ ముందు రావాలి. ఏజెన్సీ అప్పును కొనుక్కుందా, అప్పిచ్చిన సంస్థ తరఫున వసూలు చేస్తోందా అన్నదీ రాతలోనే తేలాలి. రెండోదైతే మాఫీకి ఆ సంస్థ ఒప్పుకోలు కావాలి. ఏజెంటు సంతకం ఒక్కటే చాలదు.

నా సందేహాలు ఇవీ. ఒక్క వాయిదా ఆలస్యమైనా ఒప్పందం రద్దై, తగ్గించినదంతా తిరిగి బాకీలో కలిసే షరతు ఇలాంటి లెటర్లలో తరచూ ఉంటుంది. దానికి కొన్ని రోజుల వెసులుబాటు రాయించుకున్నవారున్నారా? ఒకేసారి కడతానంటే 40 శాతానికి దిగే అవకాశం ఎంత?

ఇంకోటి, అసలు భయం ఇదే: చాలా దేశాల్లో కొద్దిగా కట్టినా, బాకీ ఉందని రాసిచ్చినా, అప్పిచ్చినవాళ్లు వసూలుకు కోర్టుకెళ్లే కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. అందుకే ఈ బాకీకి చివరిసారి డబ్బు కట్టిన తేదీ తెలియకుండా బేరం మొదలుపెట్టడం నాకిష్టం లేదు. బాకీని ఒప్పుకున్నట్టు కాకుండా ఆ వివరం అడగాలంటే ఉత్తరం ఎలా రాయాలి?

క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ (తగ్గించి కట్టి ముగించినది) బదులు ‘క్లోజ్డ్’ (మూసేసినది) అని రాయించడం బేరంలో కుదురుతుందా, లేక పూర్తిగా కడితేనేనా? వాయిదాలకు నా బ్యాంకు ఖాతా నుంచి వాళ్లే డబ్బు తీసుకునే ఆటో డెబిట్ మాత్రం ఇవ్వను.